పాఠకునకు దారి చూపిన మహనీయుడు – ఆచార్య రంగనాథన్

గాదెలో ధాన్యము ఎంత నిండియున్నను, గాదె తలుపు ఎచ్చట నున్నదో ఎరుగనివానికి ఆకలి తీరదు. గ్రంథాలయమును అట్టిదే. బీరువాలనిండ పుస్తకములు ఉండవచ్చును. వానిలో లోకమునకు కావలసిన విద్య యంతయు ఉండవచ్చును. కాని తనకు కావలసిన విషయము ఏ పుస్తకమున, ఏ భాగమున నున్నదో పాఠకునకు తెలియని యెడల ఆ విద్య అతని పాలిట లేనిదే యగును. పుస్తకము మొదట ముద్రించు విషయసూచిక రచయిత నడచిన త్రోవను తెలుపును. చివర ముద్రించు అకారాది అనుక్రమణిక పాఠకుడు వెదకు త్రోవను తెలుపును. ఈ రెండవ త్రోవను వేయుట మొదటిదానికంటె కష్టము. ఏలయన రచయిత మనస్సు పుస్తకముననే కలదు గాని, రేపు వచ్చు పాఠకుని మనస్సును ముందుగానే ఊహింపవలెను. ఈ ఊహను ఒక శాస్త్రముగా మలచి, గ్రంథాలయమునకంతటికి పనికివచ్చు అనుక్రమణికా విధానమును లోకమునకు ప్రసాదించిన భారతీయుడు ఆచార్య శియాలి రామామృత రంగనాథన్.

శ్రీ రంగనాథన్‌గారు 1892 ఆగస్టు నెలలో తంజావూరు జిల్లాలోని శియాలి గ్రామమున జన్మించిరి. తండ్రి రామామృత అయ్యరుగారు, తల్లి సీతాలక్ష్మిగారు. ఆరేండ్ల ప్రాయముననే పితృవియోగము సంభవించెను. శియాలిలోని హిందూ ఉన్నత పాఠశాలలో చదువు ముగించి మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి, 1913లో బి.ఏ. పట్టమును, 1916లో గణితశాస్త్రమున ఎం.ఏ. పట్టమును పొందిరి. అచ్చట గణితాచార్యులైన ఎడ్వర్డు రాస్‌గారి శిష్యరికము ఆయన జీవితమునకు ఒరవడి దిద్దెను. చిన్నతనమునుండి మాట తడబడు ఇబ్బంది ఉన్నను దానిని పట్టుదలతో జయించి, ఉపాధ్యాయ శిక్షణమును పొంది, 1917 మొదలు మంగళూరు, కోయంబత్తూరు, మద్రాసు నగరములలోని ప్రభుత్వ కళాశాలలలో గణితమును బోధించిరి. విద్యార్థులు ఆయనయందు మిక్కిలి అనురాగము కలిగియుండిరి. ఆయనయు తన జన్మ గణిత బోధనకే అంకితమని తలంచియుండిరి.

1923లో మద్రాసు విశ్వవిద్యాలయమువారు తమ గ్రంథాలయమునకు అధికారి కావలెనని ప్రకటించిరి. సుమారు తొమ్మిదివందలమంది దరఖాస్తు చేసికొనిరట. రంగనాథన్‌గారు మిత్రుల ప్రోత్సాహముచే దరఖాస్తు పంపిరే గాని గ్రంథాలయ విద్యను గూర్చి ఆయనకు తెలిసినది అత్యల్పము. పరీక్షాధికారుల యెదుటికి పోవుటకు కొలది దినములు ముందు బ్రిటానికా విజ్ఞాన సర్వస్వమున గ్రంథాలయములను గూర్చిన వ్యాసమును చదివిపోయిరని చెప్పుదురు. అయినను ఉద్యోగము ఆయననే వరించెను. 1924 జనవరి 4వ తేదీన ఆయన పదవిని స్వీకరించిరి.

స్వీకరించిన వారము దినములలోనే విసుగు పుట్టెను. తరగతి గదిలో విద్యార్థుల ముఖములను చూచి పాఠము చెప్పినవానికి, మనుష్య సంచారము లేని పుస్తకముల నడుమ కూర్చుండుట చెరసాలవలె తోచెను. తిరిగి ప్రెసిడెన్సీ కళాశాలకు పోయి, తనను మరల గణితోపాధ్యాయునిగా తీసికొనవలసినదని ప్రిన్సిపాలుగారిని ప్రార్థించిరి. ఇంగ్లాండు పోయి గ్రంథాలయ విద్య నేర్చుటకు ఏర్పాటు జరిగియున్నది గనుక ముందు అది పూర్తిచేసి రావలసినదనియు, అప్పటికిని మనస్సు మారనియెడల కళాశాలలో చోటు ఉండుననియు ప్రిన్సిపాలుగారు నచ్చజెప్పిరి. ఆ మాట మన దేశ గ్రంథాలయ చరిత్రను మార్చినది.

1924లో రంగనాథన్‌గారు లండనునకు పోయి అచ్చటి విశ్వవిద్యాలయ కళాశాలలోని గ్రంథపాలన విద్యాలయమున చేరిరి. క్రాయిడన్ పట్టణ గ్రంథాలయములకు ప్రధానాధికారిగా నుండిన బెర్విక్ సేయర్స్‌గారు ఆయనకు వర్గీకరణమును బోధించిరి. రంగనాథన్‌గారు పుస్తక విద్యతో తృప్తిపడక, ఆ దేశమున అనేక గ్రంథాలయములను స్వయముగా దర్శించిరి. అచ్చట ఆయన చూచినది పుస్తకముల రాశి మాత్రమే కాదు. బిడ్డలు, కార్మికులు, గృహిణులు నిత్యము గ్రంథాలయమునకు వచ్చి తమకు కావలసినది తీసికొనిపోవుటను చూచిరి. మద్రాసులో తనకు చెరసాలగా తోచినది గ్రంథాలయముయొక్క దోషము కాదనియు, పుస్తకమునకును మనిషికిని నడుమ దారి లేకపోవుటయే దోషమనియు ఆయనకు తెలిసెను. మరల గణితబోధనకు పోవు కోరిక అంతటితో అణగెను.

ఆ దినములలో లండనులోని సెల్ఫ్రిడ్జి దుకాణమున ఆయన ఒక ఆటవస్తువును చూచిరి. మెకానో అను ఆ పెట్టెలో చిల్లులు గల లోహపు పట్టీలు, చక్రములు, మరలు, బిగింపులు ఉండును. అవే ముక్కలను వేర్వేరు విధముల బిగించి బండిని చేయవచ్చును, వంతెనను చేయవచ్చును, బరువులెత్తు యంత్రమును చేయవచ్చును. రంగనాథన్‌గారికి వెంటనే ఒక ఆలోచన స్ఫురించెను. నాటి వర్గీకరణ విధానములు లోకమునందలి విషయములన్నింటికి ముందుగానే సంఖ్యలు నిర్ణయించి పట్టికలు వ్రాసి ఉంచెడివి. పట్టికలో లేని క్రొత్త విషయము పుట్టినచో దానికి చోటు దొరకెడిది కాదు. అట్లు గాక విషయములను విడి ముక్కలుగా విభజించి ఉంచుకొని, పుస్తకము వచ్చినప్పుడు తగిన ముక్కలను బిగించి సంఖ్యను కట్టినచో ఎంత క్రొత్త విషయమునకైనను చోటు దొరకును. ఆ ముక్కలను బిగించు మరగా ఆయన కోలన్ అను రెండు చుక్కల గుర్తును ఎన్నుకొనిరి. 1925లో స్వదేశమునకు తిరిగివచ్చి, ఆ ఆలోచనను మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయమున ఆచరణలో పెట్టి సరిచూచి, 1933లో కోలన్ వర్గీకరణము అను గ్రంథముగా ప్రకటించిరి. మన భాషలో దీనిని ద్విబిందు వర్గీకరణమని వ్యవహరింతురు.

ఈ కృషి నడుమ ఆయనకు గృహజీవితమున తీరని దుఃఖము కలిగెను. 1928లో ప్రథమ భార్య రుక్మిణిగారు ప్రమాదవశమున మరణించిరి. మరుసటి యేట శారదగారిని వివాహమాడిరి. ఆ 1928లోనే మద్రాసు గ్రంథాలయ సంఘము స్థాపితమయ్యెను. 1931లో గ్రంథాలయ శాస్త్రమునకు మూలములైన పంచసూత్రములను వివరించు గ్రంథము వెలువడెను. పుస్తకములు దాచుటకు గాక వాడుటకే యున్నవనియు, ప్రతి పాఠకునకు తన పుస్తకమును ప్రతి పుస్తకమునకు తన పాఠకుడును దొరకవలెననియు, పాఠకుని కాలము వ్యర్థము కారాదనియు, గ్రంథాలయము నిత్యము పెరుగు ప్రాణివంటిదనియు ఆ సూత్రముల సారము. పాఠకుని కాలమును గూర్చిన సూత్రమే మనము ఇచ్చట చెప్పుకొనుచున్న అనుక్రమణికకు పుట్టినిల్లు.

వర్గీకరణముచే పుస్తకములు బీరువాలో క్రమముగా నిలుచును. ఒక విషయమునకు చెందినవి ఒకచోట చేరును. కాని పాఠకుడు ఆ సంఖ్యలను ఎరుగడు. అతడు తన నోట నున్న మాటతో వచ్చును. ఆ మాటనుండి ఆ సంఖ్యకు త్రోవ కావలెను. అందుచే 1934లో వెలువడిన తన సూచీకరణ నియమావళిలో రంగనాథన్‌గారు గ్రంథసూచిని రెండు భాగములుగా విధించిరి. ఒకటి బీరువాల క్రమముననే విషయముల వరుసను చూపు భాగము. రెండవది నిఘంటువువలె అకారాది క్రమమున మాటలను చూపి మొదటి భాగమునకు దారి చెప్పు అనుక్రమణిక. ఈ అనుక్రమణికలో ఏ మాటలను చేర్చవలెను, ఏవి విడువవలెను అనునది అంతవరకు సూచిక వ్రాయువాని తోచుబడికి విడువబడియుండెను. ఒకనికి తోచినది మరియొకనికి తోచదు. నేడు తోచినది రేపు తోచదు. 1938లో వెలువడిన గ్రంథసూచీ సిద్ధాంతమున ఆయన ఈ చిక్కును విప్పుటకు ఒక పద్ధతిని చూపిరి. దానికి గొలుసు పద్ధతి యని పేరు.

ఈ పద్ధతిని మన పల్లెటూరి ఉదాహరణముతో తెలిసికొందము. వరికి వచ్చు అగ్గితెగులును నివారించుటను గూర్చి ఒక పుస్తకము వచ్చినది అనుకొనుడు. విషయమును పెద్దదానినుండి చిన్నదానికి దింపినచో వ్యవసాయము, అందు వరి, వరికి తెగుళ్లు, తెగుళ్లలో అగ్గితెగులు, దాని నివారణ అని అయిదు కొక్కెముల గొలుసు ఏర్పడును. ఇపుడు ఆ గొలుసును క్రిందినుండి పైకి చదువవలెను. మొదటి కార్డుపై నివారణ అని ప్రారంభించి అగ్గితెగులు, తెగుళ్లు, వరి, వ్యవసాయము అని వరుసగా వ్రాయుదురు. రెండవ కార్డు అగ్గితెగులుతో ప్రారంభమై తెగుళ్లు, వరి, వ్యవసాయము అని ముగియును. మూడవది తెగుళ్లు, వరి, వ్యవసాయము. నాలుగవది వరి, వ్యవసాయము. అయిదవది వ్యవసాయము ఒక్కటియే. ప్రతి కార్డుపైనను ఆ మెట్టునకు తగిన వర్గసంఖ్య ఉండును.

రైతు అగ్గితెగులు అను మాటతో వచ్చినను, తెగుళ్లు అను మాటతో వచ్చినను, వరి అను మాటతో వచ్చినను అతనికి ఒక ద్వారము తెరచియే యుండును. వరి అను కార్డును పట్టినవాడు వరి విషయముల వరుసకు పోవును. ఆ వరుసలోనే క్రిందుగా తెగుళ్లును నివారణయు అతని కంటబడును. మరియు తెగుళ్లు అను మాట ప్రక్కన వరి అని వ్రాసియుండుటచే, ప్రత్తి తెగుళ్ల పుస్తకమునకును దీనికిని కలగాపులగము కాదు. ఒంటరి మాట సందేహమును కలిగించును; దాని ప్రక్కన దాని ఇంటిపేరు ఉన్నచో సందేహము తీరును.

గణితవేత్త కన్ను ఇచ్చటనే పనిచేసినది. అయిదు మాటలను సాధ్యమగు అన్ని వరుసలలోను మార్చి వ్రాయబూనినచో నూట ఇరువది కార్డులు కావలెను. అంత పనిని ఏ గ్రంథాలయమును భరింపజాలదు. గొలుసు పద్ధతిలో అయిదు కార్డులే చాలును. తరువాత వరి మీదనే మరియొక తెగులును గూర్చిన పుస్తకము వచ్చినచో తెగుళ్లు, వరి, వ్యవసాయము అను మూడు కార్డులును మునుపే యున్నవి. క్రొత్తగా వ్రాయవలసినవి క్రిందికొక్కెములకు సంబంధించినవి మాత్రమే. గ్రంథాలయము పెరిగినంత వేగముగా అనుక్రమణిక పెరుగదు. గొలుసులో ఎవరును ఎన్నడును వెదకని మాట ఉన్నచో దానికి కార్డు వ్రాయనక్కరలేదని కూడ ఆయన విధించిరి. ఒకే వస్తువునకు రెండు పేర్లు ఉన్నచో రెండవ పేరు క్రిందను దారి చూపవలెను. అనగా పద్ధతి యంత్రమువలె సాగినను, దాని చివర పాఠకుని మనస్సును తెలిసిన మనిషి ఉండియే తీరవలెను.

తాను లోకమునకు చెప్పినదానిని రంగనాథన్‌గారు తన పుస్తకములందును పాటించిరి. ఆయన గ్రంథములలో అధ్యాయములకును వానిలోని చిన్న భాగములకును సంఖ్యలు ఉండును. చివరనున్న అనుక్రమణిక పుటల సంఖ్యను గాక ఈ భాగముల సంఖ్యను చూపును. పుస్తకము మరల అచ్చుపడి పుటలు మారినను భాగసంఖ్య మారదు. పుటయంతయు వెదకు శ్రమ లేక పాఠకుడు నేరుగా తనకు కావలసిన పేరాకే చేరును.

ఈ విధానమునకు గొప్ప పరీక్ష సముద్రమునకు ఆవల జరిగెను. ఇంగ్లాండులో ప్రచురితమగు పుస్తకములన్నింటికి 1950 మొదలు బ్రిటిష్ జాతీయ గ్రంథసూచి వెలువడనారంభించెను. దాని సంపాదకులైన ఏ. జె. వెల్స్‌గారు విషయముల అనుక్రమణికకు రంగనాథన్‌గారి గొలుసు పద్ధతిని స్వీకరించిరి. ఆ సూచిలో పుస్తకముల వరుస అమెరికా దేశపు డ్యూయీగారి దశాంశ విధానమును అనుసరించినది. అయినను గొలుసు పద్ధతి దానికిని అమరినది. కోలన్ వర్గీకరణము క్లిష్టమనియు, ముద్రణ ముద్రణకు సంఖ్యలు మారుటచే గ్రంథాలయములకు శ్రమ కలుగుననియు పలువురు ఆక్షేపించిరి. విదేశములలోని గ్రంథాలయములు దానిని విస్తారముగా స్వీకరింపలేదు. కాని వర్గీకరణమును అంగీకరింపనివారును ఆయన అనుక్రమణికా పద్ధతిని వాడుకొనిరి. 1971లో కంప్యూటరునకు అనువైన మరియొక పద్ధతి వచ్చువరకు రెండు దశాబ్దములు బ్రిటిష్ జాతీయ గ్రంథసూచి ఈ గొలుసుమీదనే నడచెను.

1945లో మద్రాసు పదవిని విడిచి రంగనాథన్‌గారు కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకు పోయిరి. అచ్చట లక్షకు పైబడిన గ్రంథములను తన చేతులతోనే వర్గీకరించి సూచీకరించిరని ప్రసిద్ధి. 1947లో ఢిల్లీ విశ్వవిద్యాలయమున చేరి గ్రంథాలయ శాస్త్రమున ఉన్నత విద్యకు పునాదులు వేసిరి. ఆ విశ్వవిద్యాలయము 1948లో ఆయనను గౌరవ డాక్టరు పట్టముతో సత్కరించెను.

మన ఆంధ్రదేశమునకు ఆయనతో గల సంబంధమును ఇచ్చట స్మరింపవలెను. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగు పెద్దల పూనికచే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసి, పల్లెపల్లెను పఠన మందిరములు పుట్టెను. అవి చందాలమీదను దాతల దయమీదను ఆధారపడియుండెను. గ్రంథాలయమునకు చట్టముచే స్థిరమైన ఆదాయము ఉండవలెనని రంగనాథన్‌గారు ఏండ్ల తరబడి వాదించి, చట్టమునకు నమూనాలను రచించిరి. ఆ కృషి ఫలించి, అవినాశలింగం చెట్టియారుగారు విద్యామంత్రిగా నుండగా మద్రాసు పౌర గ్రంథాలయ చట్టము 1948లో రూపొందెను. స్థానిక పన్నుతోపాటు గ్రంథాలయ పన్నును వసూలుచేయు ఈ చట్టము నాడు మద్రాసు రాష్ట్రమున చేరియున్న మన ఆంధ్ర జిల్లాలకును వర్తించెను. తెలంగాణమున 1955లో హైదరాబాదు చట్టము వచ్చెను. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయముల చట్టము రెండు ప్రాంతములకును ఒకే ఏర్పాటును కల్పించెను.

1950వ దశకమున కొంతకాలము స్విట్జర్లాండులోని జ్యూరిచ్ నగరమున నివసించి రచనలు సాగించిరి. 1956లో తన జీవితకాలమున కూడబెట్టిన లక్ష రూపాయలను మద్రాసు విశ్వవిద్యాలయమునకు అర్పించి, గ్రంథాలయ శాస్త్రమున తన భార్య శారదగారి పేరుతో ఆచార్య పీఠమును ఏర్పరచిరి. 1957లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదమును ఇచ్చెను. 1962లో బెంగుళూరున భారతీయ సాంఖ్యక సంస్థకు అనుబంధముగా ప్రలేఖన పరిశోధన శిక్షణ కేంద్రమును స్థాపించిరి. 1965లో జాతీయ పరిశోధనాచార్యులుగా నియమితులైరి. 1972 సెప్టెంబరు 27వ తేదీన బెంగుళూరున, ఎనుబది ఏండ్లు నిండిన పిమ్మట పరమపదించిరి. ఆయన జన్మదినముగా ఆగస్టు 12వ తేదీని మన దేశమున గ్రంథపాలకుల దినోత్సవముగా జరుపుచున్నారు.

నేడు కంప్యూటరు వచ్చినది గదా, మాట కొట్టినచో అదియే వెదకి చూపును గదా, ఇక అనుక్రమణికతో పనియేమి అని కొందరు అడుగుదురు. కంప్యూటరునే వాడు విధానమును తెలుపు పెద్ద పుస్తకమును తీసికొనుడు. తెరపైనున్న అక్షరములను పెద్దవిగా చేయవలెనని ఒకడు వెదకును. ఆ పుస్తకమున ఫాంటు అను మాటయే యుండును. అక్షరము అను మాట ఉండదు. యంత్రము తనకు చెప్పిన మాటను వెదకును గాని, చెప్పినవాని మనస్సులోని మాటను వెదకజాలకపోవచ్చును. మరి ఫాంటు అను మాటనే కొట్టినచో అది వచ్చిన చోటులన్నియు చూపును. విషయమును వివరించిన చోటు ఏదియో, ఊరక ప్రస్తావించిన చోటు ఏదియో వేరుచేయుట కష్టము. మంచి అనుక్రమణిక వ్రాయువాడు అక్షరముల పరిమాణము అను మాటను చేర్చి, ఫాంటు వివరణ ఉన్న భాగమునకు నేరుగా పంపును. రైతు అగ్గితెగులునకును, ఈ కంప్యూటరు పాఠకుని అక్షరములకును కావలసిన సాయము ఒక్కటియే.

పాఠక మహాశయులారా! రజతోత్సవము జరుపుకొను ఈ వేళ మన గ్రంథాలయమున ఎన్ని పుస్తకములు చేరినవో లెక్కించుట సంతోషదాయకము. వానిలో ఎన్ని పుస్తకములకు దారి తెరచియున్నదో పరిశీలించుట అంతకంటె అవసరము. పుస్తకమును కొనుటకు ధనము కావలెను; దానికి అయిదు కార్డులు వ్రాయుటకు ఓపికయు, ఎదుటివాని అవసరమునందు ఆదరమును ఉన్నచో చాలును. పదవ తరగతి చదువు బాలుడు, పంటపొలమునుండి వచ్చు రైతు, బిడ్డ జబ్బును గూర్చి తెలిసికొనగోరు తల్లి తమ నోటి మాటతోనే వచ్చి, తమకు కావలసిన పుటను తామే తెరచుకొని పోవుదురు గాక! అట్టి ఏర్పాటును మన యువకులు పూనుకొని చేసినచో, గణిత బోధనను విడిచి గ్రంథసేవకు జీవితమును ధారపోసిన ఆ మహనీయునకు అంతకు మించిన నివాళి వేరొండు ఉండదు.